గిలిటు మోషే

మోషే రోడ్డు అంచున మోకాళ్ళ మీద కూర్చుని ఊచ గుచ్చుతున్నాడు. సన్నటి ఇనుప ఊచ, పట్టుకునే చోట గోనెపీలిక చుట్టి ఉంది. నిలువుగా గుచ్చడు. ఏటవాలుగా పెట్టి, నిద్రపోయే పసిబిడ్డ తలకింద నుంచి చెయ్యి తీసుకునేంత మెల్లగా నేలలోకి దించుతాడు. ఊచ ఎక్కడైనా ఆగితే తనూ ఆగుతాడు. రెండు వేళ్ళతో చుట్టూ మన్ను తీసి చూస్తాడు. కంకరరాయి. దాన్ని పక్కన పెట్టి, జానెడు ముందుకు జరిగి మళ్ళీ గుచ్చుతాడు. అలా చూసుకుని సరేననుకున్న మేరకే గడ్డపార వేస్తాడు.

ఆళ్ళగడ్డ నుంచి చాగలమర్రి పోయే రోడ్డు అది. వానలకు అంచులు కోసుకుపోతే పూడ్చడానికి వచ్చిన గ్యాంగు. మిగతా కూలీలు వచ్చీ రాగానే గడ్డపారలు ఎత్తి దించేస్తున్నారు. ఆడవాళ్ళు గంపలతో గరుసు మట్టి మోస్తున్నారు. మోషే వంతు ఎప్పుడూ వెనకబడే ఉంటుంది. పొద్దుగూకేసరికి మాత్రం అందరితో పాటే పూర్తవుతుంది, ఎందుకంటే మధ్యాహ్నం సంగటి తిని అందరూ నడుం వాల్చినప్పుడు అతనొక్కడే పని చేసుకుంటాడు. అతను పగటిపూట పడుకోగా చూసినవాళ్ళు ఆ గ్యాంగులో లేరు.

మేస్త్రి సుబ్బయ్య గట్టు మీద కూర్చుని బీడీ కాలుస్తూ ఈ తంతు చూస్తున్నాడు. ఏళ్ళ తరబడి చూస్తున్నా అతనికిది అలవాటు కాలేదు. రోడ్డు కింద ఏముంటుందని ఇంత వెతుకులాట?

"ఏందప్పా గిలిటూ, బంగారమేమన్నా తగిలిందా?" అన్నాడు.

కూలీలు నవ్వారు. మోషే కూడా కాస్త నవ్వాడు. అతనితో వచ్చిన చిక్కే అది. ఎగతాళి చేసినవాడితో కలిసి తనూ నవ్వేస్తాడు. ఇక ఆ ఎగతాళి చేసినవాడికి మిగిలేదేముంది?

యాభై దాటిన పొట్టి మనిషి. ఎడమ చెవి సరిగా వినపడదు. మోకాళ్ళు రెండూ కాయలు కాసి మొద్దుబారిపోయాయి. ఒంటి మీది ఖాకీ చొక్కా ఉతికి ఉతికి ఏ రంగూ కాకుండా పోయింది. నడక మాత్రం ఊరందరికీ వినోదం. దుక్కి దున్నిన చేలో గానీ, వాన వెలిసిన బాటలో గానీ కొత్తచోట అడుగు వెయ్యడు. ముందు ఎవరో నడిచిన గుర్తులు వెతుక్కుని, వాటిలోనే పాదం పెడతాడు. ఆదివారం చర్చికి పోయేటప్పుడు భార్య జీవమ్మ ముందు నడుస్తుంది, అతను ఆమె అడుగుల్లో అడుగు పెడుతూ వెనక వస్తాడు. పెళ్ళాం గీసిన గీత దాటడని ఊళ్ళో పరాచికం. జీవమ్మకు మొదట్లో సిగ్గుగా ఉండేది. తర్వాత తర్వాత అతనికి అందేట్టు అడుగులు దగ్గర దగ్గరగా వెయ్యడం నేర్చుకుంది.

వయసులో ఉండగా పట్టాళంలో చేరాడు. అక్కడ అతని పని, శత్రువులు నేలలో పాతిన మందుపాతరలు వెతికి తియ్యడం. పడమటి సరిహద్దులో అరవై ఐదు యుద్ధం జరిగినప్పుడు అతనికి మెడల్ వచ్చిందన్న మాట ఊళ్ళోకి ఎలాగో చేరింది. పట్టాళంలో కొలువు ముగిసి ఇంటికి వచ్చాక జనం చుట్టూ చేరి అడిగారు. పక్క ఊళ్ళ నుంచి పట్టాళానికి పోయినవాళ్ళు ట్యాంకుల గురించీ విమానాల గురించీ రోజుల తరబడి చెప్పేవారు. మోషే కూడా అలాంటిదేదో చెబుతాడని అందరూ చెవులు రిక్కించి కూర్చున్నారు. యుద్ధంలో ఏం చేశావని అడిగితే అతను ఒక్కమాట అన్నాడు.

"పండుకొంటి."

అంతే. తర్వాత నవ్వు మొదలైంది, చాలా కాలం ఆగలేదు. యుద్ధంలో పండుకున్నందుకు మెడల్ ఇస్తారా, అయితే మా ఇంట్లో ముసలాయనకు ఎన్ని రావాలని లెక్కలు వేసుకున్నారు. పోనీ ఆ మెడల్ చూపించమన్నారు. నా దగ్గర లేదన్నాడు. ఎవరి దగ్గరుందంటే చెప్పలేదు.

అక్కడితో పోయేదే. స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్ళయిందని నంద్యాలలో ఒక స్కూలు మైదానంలో పెద్ద ఉత్సవం చేశారు. మెడళ్ళు వచ్చిన సైనికులకు వేదిక మీద కుర్చీలు వేశారు. పాణ్యం నుంచి వచ్చిన బాలస్వామి అనే పాత సైనికుడు మోషేకు మెడల్ వచ్చిన సంగతి పట్టాళంలో ఉండగా విన్నవాడు. వద్దంటున్నా రెక్కపట్టుకుని తీసుకుపోయి ఒక కుర్చీలో కూర్చోబెట్టాడు. కాసేపటికి ఒక గుమాస్తా వచ్చి పట్టాళం వాళ్ళిచ్చిన పుస్తకం అడిగి తీసుకున్నాడు. పేజీలు తిరగేశాడు. మెడళ్ళు రాయవలసిన చోట అడ్డగీత ఉంది. ఇది నీ కుర్చీ కాదు, దిగమన్నాడు. కింద, కాగితపు జెండాలు పట్టుకున్న పిల్లల వరసలో మోషే కూతురు ప్రసన్నకుమారి ఉంది. తండ్రి లేవడం చూసింది. లేచినవాడు ఊరికే రాలేదు. భుజం మీది తువ్వాలు తీసి, తను కూర్చున్న కుర్చీని శుభ్రంగా తుడిచి మరీ దిగాడు.

ఆ రోజు సుబ్బయ్య కూడా నంద్యాలలో ఉన్నాడు. మోషే కన్నా ముందు బస్సుకు ఊరు చేరాడు. సాయంత్రానికి మోషేకు కొత్త పేరు పుట్టింది. అసలు మెడలే లేదు, ఉన్నా బజారులో కొన్న గిలిటు బిళ్ళ అయ్యుంటుందని తేల్చేశారు. గిలిటు మోషే. చిన్నపిల్లలు కూడా అదే అతని ఇంటిపేరు అనుకునేవారు.

తండ్రి ఆ పేరును మోశాడు గానీ కూతురు మొయ్యలేకపోయింది. ప్రసన్నకుమారి చదువుకుంది, నంద్యాలలో టీచరైంది. మొదటి నెల నుంచే పట్టాళం రికార్డు ఆఫీసుకు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టింది. ఆమెకు కావలసింది ఒక్కటే. ఆ అడ్డగీత పోవాలి. నాయన బతికుండగా, అందరూ చూస్తుండగా ఆ కుర్చీలో మళ్ళీ కూర్చోవాలి. జవాబులు వచ్చేవి, అన్నీ లేదనేవే. చివరికి ఒక పుణ్యాత్ముడెవరో వివరంగా రాశాడు. మెడల్ అంచు మీద సైనికుడి నంబరు, పేరు చెక్కి ఉంటాయి. వాటి నకలు, పుస్తకం కలిపి పంపితే పాత కాగితాలతో సరిచూస్తామన్నాడు.

మెడల్ ఎక్కడుందో ఊళ్ళో తెలిసినవాళ్ళు ఇద్దరే, మోషే, జీవమ్మ.

యుద్ధం అయ్యాక సెలవు మీద వచ్చినప్పుడు చర్చిలో కోత పండుగ జరుగుతోంది. పొలమున్నవాళ్ళు తొలిపంట తెచ్చి దేవుడి ముందు పెట్టే పండుగ అది. కొర్ర గంపలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోడిపుంజులు వరసగా వచ్చాయి. మోషేకు సెంటు భూమి లేదు. కానుక సంచి తన ముందుకు వచ్చినప్పుడు జేబులోంచి మెడల్ తీసి అందులో వేశాడు. బతికి బయటపడితే తొలిపంట నీదేనని ఎక్కడో మొక్కుకున్నాడు, అతను పండించింది అదే. అప్పటి పాస్టరు అయ్యగారు దాన్ని అమ్మలేకా, దాచలేకా, సంచి అడుగున కుట్టించాడు. బరువుంటే సంచి వంకర పోకుండా వేలాడుతుందని. కుట్టింది జీవమ్మే. ఆ అయ్యగారు పోయి చాలా కాలమైంది. పొడుగు కర్రకు తగిలించిన ఆ ఎర్ర ముఖమల్ సంచిని ప్రతి ఆదివారం వరస వరసకూ తిప్పేది మోషేనే. అతన్ని గిలిటు అని పిలిచినవాళ్ళే అతని మెడల్ మీద చిల్లర వేసేవారు. సంచి పట్టుకుని అతను ఓపిగ్గా నిలబడేవాడు.

దేవునికి ఇచ్చింది తిరిగి చేత్తో ముట్టుకోకూడదు. ఆ ఊరి కట్టుబాటు అది. కానుక పెట్టిన కోడి తాడు తెంపుకుని ఇంటికి వచ్చేస్తే, ఇచ్చినవాళ్ళు దాన్ని పట్టుకోరు. వాకిట్లో గింజలు తింటున్నా చూస్తూ ఊరుకుంటారు, పక్కింటివాళ్ళు వచ్చి పట్టుకుపోవాలి. ఇచ్చానని చెప్పుకున్నా ఇచ్చినట్టు కాదని మోషే నమ్మకం. మెడల్ మీది నంబరు కావాలని కూతురు ఎన్నిసార్లు అడిగినా "ఇచ్చేస్తిని మ్మే" అనే అన్నాడు. ఎవరికో మాత్రం చెప్పలేదు.

ఈ రోజు శనివారం. రేపు కోత పండుగ. పొద్దు నడినెత్తికి వస్తుండగా నంద్యాల బస్సు వచ్చి గ్యాంగు దగ్గర ఆగింది. ప్రసన్నకుమారి దిగింది. రోజూ ఊరి స్టేజీలో దిగే పిల్ల ఇక్కడెందుకు దిగిందా అని కూలీలు చూశారు. ఆమె నేరుగా తండ్రి దగ్గరికి వచ్చి, మోకాళ్ళ మీద ఉన్న మనిషి ఎదురుగా తనూ కింద కూర్చుంది.

"నాయనా, నీ పట్టాళం పుస్తకం వచ్చింది."

మోషే ఊచను నేలలోనే వదిలేశాడు. పుస్తకం పెట్టెలో లేదన్న సంగతే అతనికి తెలియదు. ఆమె సంచిలోంచి తీసి పేజీ తెరిచి చూపించింది. అడ్డగీతను కొట్టేసి, కింద ఎర్రసిరాతో ఒక వరస రాశారు. సేనా మెడల్ అని. పక్కన సంతకం, గుండ్రటి ముద్ర. మోషేకు ఇంగ్లీషు రాదు. కూతురి వేలు ఎక్కడుందో అక్కడే చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. ఆమె అతని ముఖంలో సంతోషం కోసం వెతికింది. అక్కడ కనిపించింది భయం.

"నంబరు యాడిది?" అన్నాడు.

"అమ్మ చెప్పింది నాయనా."

"సంచిలోంచి తీసినారా?"

ప్రసన్నకుమారి తండ్రి చెయ్యి పట్టుకుంది.

"తీయలేదు. అమ్మ చర్చిలోనే కూచోని అడుగు కుట్టు రోంత ఇప్పింది. గుడ్డతోనే పట్టుకోని అంచు మాత్రం కనబడేట్టు పెట్టింది. నేను కాగితం ఆనించి పెన్సిలుతో రుద్దితి. మళ్ళా ఆడనే కుట్టేసింది."

"చెయ్యి తగల్లేదు గదా?"

"అమ్మదీ తగల్లేదు, నాదీ తగల్లేదు."

మోషే గుండెల నిండా గాలి పీల్చి వదిలాడు. సరేలే అన్నాడు. ఇన్నేళ్ళ తర్వాత తన పేరు మీది మచ్చ చెరిగిపోయిన గడియలో ఆ మనిషికి కావలసిన సమాచారం అంతవరకే.

ఈలోపు గ్యాంగంతా చుట్టూ చేరింది. సుబ్బయ్య కూడా గట్టు దిగి వచ్చాడు, ఏందమ్మా అది అని అడిగాడు. ప్రసన్నకుమారి లేచి నిలబడింది. పుస్తకంతో పాటు వచ్చిన కాగితం ఒకటి ఉంది, మెడల్ ఎందుకిచ్చారో అందులో రాశారు. ఒక్కో వాక్యం ఇంగ్లీషులో చదివి, తెలుగులో చెప్పింది. గొంతు పెంచలేదు. సుబ్బయ్య వైపే చూస్తూ చెప్పింది.

తెల్లవారకముందు పొగమంచు. ముందు ఒక చెరకు చేను, దాని ఇవతల నేలంతా మందుపాతరలు. దాటితే తప్ప అవతల చిక్కుకున్న తమ సైనికులను విడిపించలేరు. మోషే మోకాళ్ళ మీద ఊచ గుచ్చుకుంటూ ముందు పోయాడు. తగిలినవాటిని చేతులతో తీసి పక్కన పెట్టాడు. శుభ్రమైన దారికి రెండు వైపులా తెల్లటి టేపు పరుచుకుంటూ పోయాడు, వెనక వచ్చేవాళ్ళు ఆ టేపు మధ్యనే నడవాలి. గుండ్లు పడుతూనే ఉన్నాయి. చివర్లో దారి ఒకచోట మలుపు తిరగాలి, అక్కడికి టేపు అయిపోయింది. మలుపు తెలియకపోతే వెనకవాళ్ళు తిన్నగా పోయి పాతర మీద కాలు పెడతారు. అప్పుడు మోషే ఆ మలుపులో నేలమీద అడ్డంగా పడుకున్నాడు. టేపు ఉండవలసిన చోట తనే ఉన్నాడు. దళమంతా అతన్ని చూసి మలుపు తిరిగింది. దగ్గర్లో గుండు పేలి చెవిలోంచి రక్తం కారుతున్నా కదల్లేదు. చివరి మనిషి దాటేవరకూ అలాగే పడుకున్నాడు. ఆ దారిన పోయినవాళ్ళలో ఒక్కడి కాలు కూడా పోలేదు.

గరుసు మోసే వెంకటమ్మ నెత్తి మీది గంప ఎప్పుడు దించిందో ఆమెకే తెలియదు. అందరూ మోషే వైపే చూశారు. తమతో కలిసి సంగటి తిన్న మనిషే, బీడీకి నిప్పు అడిగితే ఇచ్చిన మనిషే. ఇన్నేళ్ళూ అతను దాచిందేమీ లేదు. అడిగిన మొదటి రోజే ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. వాళ్ళే నవ్వారు. నేలలో ఏటవాలుగా నిలిచి ఉన్న ఊచను చూడటానికి ఇప్పుడు అందరికీ భయంగా ఉంది, చూడకుండానూ ఉండలేకపోతున్నారు.

సుబ్బయ్య చేతిలో బీడీ వేళ్ళ దాకా కాలి చురుక్కుమంది. పారేశాడు.

"నిజంగానే పండుకొన్యావా, మోషే?" అన్నాడు. గిలిటు అనలేదు.

మోషే ఇబ్బందిగా కదిలాడు. ఇంతమంది నిలబడి తనను చూడటం అతనికి నచ్చలేదు.

"ఏం జేసేది మేస్త్రీ," అన్నాడు. "టేపు అయిపాయ."

జనవరిలో నంద్యాలలో జెండా పండుగకు కుర్చీ వేస్తారని, తనే దగ్గరుండి తీసుకుపోతానని ప్రసన్నకుమారి చెప్పింది. చూద్దాంలే, ముందు ఇంటికి పోయి మీ అమ్మకు సాయం చెయ్యమన్నాడు. ఆమె చేలకు అడ్డం పడి ఇంటిదారి పట్టింది. కొంచెం దూరం పోయి వెనక్కి తిరిగింది. మోషే నిలబడి, కూతురి అడుగులు తడి నేలలో ఎక్కడెక్కడ పడ్డాయో చూస్తున్నాడు.

సంగటి తిన్నాక మోషే మళ్ళీ పనికి వంగబోయి ఆగాడు. రోంత నడుం వాలుస్తానని వెంకటమ్మతో అన్నాడు. రోడ్డు మలుపు తిరిగే చోట, పూడ్చిన అంచుకు ఇవతల తువ్వాలు పరుచుకుని, ముఖం రోడ్డు వైపు పెట్టి పడుకున్నాడు. చెయ్యి తలకింద ఉంది. కాసేపు కళ్ళు తెరిచే ఉన్నాయి. కడప వైపు పోయే లారీ ఒకటి మలుపు తిరిగిపోయింది, దాన్ని కూడా చూశాడు. తర్వాత కళ్ళు మూసుకున్నాడు.

అందరూ లేచి పనిలోకి దిగినా అతను లేవలేదు. పండుకోనీ అన్నాడు సుబ్బయ్య. గడ్డపారలు దూరంగా వెయ్యమన్నాడు. గరుసు మోసే ఆడవాళ్ళు మలుపు దగ్గరికి వచ్చి, మోషేను చూసి పక్కకు తిరిగి పోతున్నారు. చప్పుడు కాకూడదని ఒకరి అడుగులో ఒకరు అడుగు పెట్టి నడుస్తున్నారు. మోషే వంతు పని ఇంకా మిగిలి ఉంది. సుబ్బయ్య అటూ ఇటూ చూసి, పంచె ఎగగట్టి, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నేలలో ఉన్న ఊచను పైకి తీసి, అతను గుచ్చినట్టే ఏటవాలుగా, మెల్లగా గుచ్చాడు. ఎంత మెల్లగా గుచ్చాలో చేతికి తెలియక చెమట పట్టింది. జానెడు నేల ఇంత పెద్దదని అతనికి అంతవరకూ తెలియదు.

ఎండ చల్లబడ్డాక వెంకటమ్మ చెంబుతో నీళ్ళు తీసుకుపోయి, మోషేన్నా, లెయ్యి, ఇండ్లకు పోదామని పిలిచింది. వినపడే చెవి పైకే ఉంది. వంగి భుజం మీద చెయ్యి వేసింది. ఒళ్ళు చల్లబడి ఉంది.

మర్నాడు పొద్దున్నే పూడ్చారు. కోత పండుగ మరో వారానికి పెట్టుకుందామని ఇప్పటి అయ్యగారు అన్నాడు. జీవమ్మ ఒప్పుకోలేదు. తొలిపంట ఆగకూడదంది. శ్మశానం నుంచి అటే చర్చికి వచ్చి, ఎప్పటి చోటే కూర్చుంది. ఆమె వెనక అడుగులు లేవని వచ్చే దారిలో అందరూ గమనించారు. ఆమె మాత్రం అలవాటుగా దగ్గర దగ్గరగానే అడుగులు వేసింది.

కానుక సంచి ఎవరు పట్టాలన్న ప్రశ్న రాలేదు. ప్రసన్నకుమారి లేచి గోడకున్న మేకు నుంచి దాన్ని తీసుకుంది. బరువుకు ఆమె చెయ్యి ఒక్కక్షణం కిందికి జారింది. వరస వరసకూ తిప్పింది. మెడల్ ఆ సంచి అడుగునే ఉందన్న సంగతి రాత్రికే ఊరంతా తెలిసిపోయింది. ఎవరూ పైనుంచి చిల్లర విసరడం లేదు. చెయ్యి సంచిలోకి పూర్తిగా దించి, అడుగున మెల్లగా ఆనించి వదులుతున్నారు. చివరి వరసలో, ఎన్నడూ చర్చి గడప తొక్కని సుబ్బయ్య నిలబడి ఉన్నాడు. అతని చెయ్యి సంచిలోకి పోయి అక్కడే ఆగిపోయింది. గుడ్డ కింద గుండ్రంగా, గట్టిగా ఉన్నది వేళ్ళకు తగిలింది. ప్రసన్నకుమారి తొందరపెట్టలేదు. తండ్రిలాగే ఓపిగ్గా నిలబడింది. చెయ్యి బయటికి తీశాక సుబ్బయ్య ఆ చేతిని ఏం చెయ్యాలో తెలియనట్టు ఛాతీకి ఆనించుకున్నాడు.

సాయంత్రానికి గుమ్మడికాయలూ కోళ్ళూ వేలంలో పోయి చర్చి ఖాళీ అయింది. ఊరి పక్క కె.సి. కాలువ మీది గాలి కిటికీలోంచి వచ్చి బల్లమీది గుడ్డను ఎగరేస్తోంది. గోడకున్న మేకుకు ఎర్ర ముఖమల్ సంచి మాత్రం, అడుగున బరువుతో, ఏ పక్కకూ ఒరగకుండా వేలాడుతోంది.